షికాగోలో వాడ ఎటువైపు? (ఏడో భాగం)



పోయిన భాగం చదివి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఎమ్మెస్ చదవడానికి ఆగస్టులో షికాగో వెళ్తున్నాడు. "అన్నా, హౌస్ మ్యూజిక్ నల్లవాళ్లది అని రాశావు కదా, వినాలంటే ఏ క్లబ్బుకి పోవాలి?" అని అడిగాడు. క్లబ్బు అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. ఉద్యమంలో ఉన్నవాడు ఆ మాట పైకి అనకూడదని మనకి మనమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. నేను ఆరేళ్లు అక్కడ ఉన్నాను, వెళ్లాను, తెల్లారేదాకా ఎగిరాను. ఇక్కడ ఒక్కరికీ చెప్పలేదు. ఈ వారం ఆ బాకీ తీరుస్తాను.

షికాగోలో దిగిన మొదటి వారమే మా అపార్ట్‌మెంట్ సీనియర్లు ఒక మ్యాపు ఇచ్చారు. నోటితోనే. డెవాన్ అవెన్యూలో పప్పులూ బియ్యమూ దొరుకుతాయి, డౌన్‌టౌన్‌లో ఫొటోలు దిగొచ్చు, 35వ వీధి దాటి దక్షిణానికి మాత్రం పోవద్దు. అక్కడుండేవాళ్ల గురించి ఒక మాట వాడారు. ఇక్కడ రాయను, మనోళ్లు అమెరికాలో ఏ మాట వాడతారో మీకు తెలుసు. మా ఊళ్లోనూ వాడ దక్షిణం వైపే. బడికి కొత్తగా వచ్చిన పంతులుగారికి ఊరివాళ్లు చెప్పే మాట చిన్నప్పుడే విన్నాను: చీకటిపడ్డాక అటు వెళ్లకండి. ఆ 'అటు' అంటే మా ఇల్లు. అది తెలిసి కూడా ఏడాదిపాటు నేను 35వ వీధి దాటలేదు. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇది రాయకుండా మిగతాది రాయలేను.

తమ్ముడూ, ముందు పగటిపూట ఒక చోటికి వెళ్లు. యూనియన్ స్టేషన్‌కి కాస్త పడమర, సౌత్ జెఫర్సన్ స్ట్రీట్, నంబరు 206. మూడంతస్తుల పాత ఫ్యాక్టరీ భవనం. ఇప్పుడక్కడ క్లబ్బు లేదు. 1977లో రాబర్ట్ విలియమ్స్ అనే నల్లజాతి మనిషి 'ది వేర్‌హౌస్' అని మొదలుపెట్టింది అందులోనే. న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టిన ఫ్రాంకీ నకల్స్‌ని పిలిపించి రికార్డులు వేయించాడు. అప్పటికి ఫ్రాంకీకి 22 ఏళ్లు. మందు అమ్మేవాళ్లు కాదు. నీళ్లు, జ్యూసు, చెమట. శనివారం రాత్రి మొదలైతే ఆదివారం ఎండెక్కేదాకా ఆట. 'ఆ హౌస్‌లో వేసే పాటలు' అని రికార్డుల షాపుల్లో జనం అడగడంతో ఆ సంగీతానికి ఆ పేరే నిలిచిందంటారు.

ఇక్కడ నా తప్పు ఒకటి దిద్దుకోవాలి. పోయిన భాగంలో 'నల్లజాతి యువత' అని రాసి ఊరుకున్నాను. హైదరాబాద్ నుంచి ఒక అక్క, ట్రాన్స్ హక్కుల కోసం పనిచేసే మనిషి, ఫోన్ చేసి ఒకటే అడిగింది: "సగం మందిని గుమ్మం బయటే ఎందుకు నిలబెట్టావు?" నిజమే. వేర్‌హౌస్‌కి మొదట వచ్చినవాళ్లు ఎక్కువగా నల్లజాతి, లాటినో గే యువకులు. ఫ్రాంకీ కూడా గే. ఆ రోజుల్లో తెల్లవాళ్ల గే బార్ల గుమ్మాల్లో నల్లవాళ్లని ఆపి రెండు మూడు గుర్తింపు కార్డులు అడిగేవాళ్లు, తెల్లవాడిని ఒక్కటీ అడగకుండా. ఇటు చూస్తే సొంత పేటలో, సొంత చర్చిలో గే అన్నందుకు వెలి. రెండు గుమ్మాల దగ్గరా ఆగిపోయినవాళ్లకి ఈ ఫ్యాక్టరీ గది దొరికింది. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసి ఎందుకు రాయలేదంటే, మన మీటింగుల్లో ఆ ఒక్క మాటకి నవ్వులు లేస్తాయని భయపడ్డాను. అక్క చెప్పింది కరెక్టు.

ఇక 35వ వీధి సంగతి. ఆ వీధి పక్కనే వైట్ సాక్స్ జట్టు బేస్‌బాల్ మైదానం ఉండేది, కామిస్కీ పార్క్. 1979 జులై 12న అక్కడ ఒక ఆట జరిగింది. డిస్కో రికార్డు ఒకటి పట్టుకొస్తే టికెట్టు 98 సెంట్లే. స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ రెండు మ్యాచ్‌ల మధ్య ఆ రికార్డులన్నీ ఒక పెట్టెలో వేసి మైదానం మధ్యలో పేల్చాడు. దాదాపు 50,000 మంది జనం. పేలగానే వేలమంది కిందికి దూకారు. రెండో మ్యాచ్ జరగలేదు. ఆ రోజు అక్కడ సీట్లు చూపించే పని చేస్తున్న నల్ల కుర్రాడు విన్స్ లారెన్స్, సింథసైజర్ కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టుకుంటున్నాడు. జనం తెచ్చినవన్నీ డిస్కో రికార్డులు కావని అతను గమనించాడు. నల్లవాళ్ల పాట ఏదైనా సరే, పెట్టెలో పడింది. డాల్ ఇవాళ్టికీ అది సరదా అంటాడు, జాతికి సంబంధం లేదంటాడు. మనకి ఈ వాదన కొత్తా? అయిదేళ్లు తిరక్కుండా, 1984లో, అదే విన్స్ లారెన్స్ జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. హౌస్ సంగీతంలో తొలి రికార్డు అని ఎక్కువమంది చెప్పేది దాన్నే.

డిస్కో చచ్చిందనుకుని పెద్ద కంపెనీలు చేతులు దులుపుకున్నాయి. ఆర్కెస్ట్రాకి డబ్బు లేదు. కుర్రాళ్ల చేతికి దొరికినవి జపాన్ రోలాండ్ కంపెనీ మిషన్లు. గిటారు వాయించేవాడికి తోడుగా బేస్ ఇస్తుందని టీబీ-303 అనే చిన్న పెట్టె తయారుచేశారు. ఎవరికీ నచ్చలేదు, 1984కల్లా తయారీ ఆపేశారు. సెకండ్‌హ్యాండ్ షాపులో చవగ్గా కొన్న ఆ పెట్టె పిడుల్ని ఇష్టమొచ్చినట్టు తిప్పి ముగ్గురు కుర్రాళ్లు, ఫ్యూచర్ అనే బృందం, 'యాసిడ్ ట్రాక్స్' చేశారు. మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బులో రాన్ హార్డీ మొదటిసారి వేస్తే జనం ఫ్లోరు ఖాళీ చేశారట. ఆ రాత్రే నాలుగోసారి వేసేసరికి ఊగిపోయారట. 1987లో రికార్డుగా వచ్చింది. (ఇదే పెట్టెతో 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు పది రాగాల రికార్డు చేశాడు. అప్పుడు ఎవరూ కొనలేదు. దాని కథ ఇంకోసారి.)

ఒకసారి సెలవులకి ఇంటికొచ్చినప్పుడు మా నాయనకి ఫోన్‌లో క్లబ్బు వీడియో చూపించాను. ఆయన నలభై ఏళ్లు డప్పు కొట్టిన మనిషి. కాసేపు చూసి, "ఎవురు కొడతన్నార్రా?" అన్నాడు. మిషన్ నాయనా అన్నాను. "అయితే కూలి అడగదు" అన్నాడు.

ఆ మాట వెనక మా వాడ కథంతా ఉంది. చావు డప్పు కొట్టమని వాడంతా ఒకప్పుడు తీర్మానం చేసుకుంది. కొట్టం అన్నప్పుడు బలవంతంగా కొట్టించారు. కొడతాం, కూలి పెంచండి అన్నప్పుడు డీజే బాక్సులు తెచ్చారు. కాబట్టి మిషన్ అనగానే విముక్తి అని నేను రాయలేను. షికాగోలో ఆ మిషన్ పేదవాడి చేతికొచ్చింది, మా ఊళ్లో డబ్బున్నవాడి చేతికొచ్చింది. తేడా అదే. షికాగో కుర్రాళ్లకి కూలి దక్కిందా అంటే, అదీ సరిగ్గా లేదు. ట్రాక్స్ రికార్డ్స్ అనే లేబుల్ తమకి రాయల్టీలు ఎగ్గొట్టిందని లారీ హెర్డ్, రాబర్ట్ ఓవెన్స్ 2020లో కోర్టుకెక్కారు. 2022లో రాజీ కుదిరి పాటల హక్కులు తిరిగొచ్చాయి. పాటలు చేసింది 1980లలో. లెక్క మీరే వేసుకోండి.

సరే, రాత్రిపూట చోట్లు. అందరూ మొదట తీసుకెళ్లేది డౌన్‌టౌన్‌లో దేశీ నైట్లకి. ఒకదానికి నేనూ వెళ్లాను, పేరెందుకు. లైన్లో నిలబడగానే వెనకున్న తెలుగబ్బాయి "మీ ఇంటిపేరేంటి బ్రో" అన్నాడు. ఎనిమిదివేల మైళ్లు వచ్చి పబ్బు గుమ్మం ముందు అదే ప్రశ్న. చెప్పాను. "ఓ" అన్నాడు, ఫోన్ చూసుకున్నాడు. డబ్బు దండగ, అటు పోకు.

స్మార్ట్‌బార్‌కి వెళ్లు. క్లార్క్ స్ట్రీట్‌లో మెట్రో అనే హాలు కింద నేలమాళిగ, 1982 నుంచి ఉంది. ఫ్రాంకీ నకల్స్ వాయించిన చోటు. చిన్న గది, తక్కువ వెలుతురు, మంచి స్పీకర్లు. నేనున్న రోజుల్లో ఆదివారం రాత్రి 'క్వీన్' అనే పార్టీ జరిగేది. డ్రాగ్ వేషాల్లో ఉన్నవాళ్లు, ముసలివాళ్లు, ఒంటరిగా వచ్చినవాళ్లు. కిక్ డ్రమ్ గుండె మీద పడగానే నాకు మా వాడ గుర్తొచ్చింది. డప్పే హౌస్ అని నేననను, అలాంటి పోలికలు తేలిగ్గా నోటికొస్తాయి. తోలు మంట దగ్గర కాగుతున్న వాసన గుర్తొచ్చింది, అంతే చెప్తున్నాను. ఆ రాత్రి ఎవరూ నన్నేమీ అడగలేదు. అదే వీధిలో గ్రామఫోన్ రికార్డ్స్ షాపు ఉంది, 1969 నుంచి. కొనకపోయినా నిలబడి వినొచ్చు.

ఇలాంటి చోట్లు నిలబడటం తేలికనుకోకు. 2016లో షికాగో ఉన్న కుక్ కౌంటీ, చిన్న క్లబ్బుల మీద వినోదపు పన్ను బకాయిల కేసు నడిపింది. 750 మందికి మించని చోట 'లలితకళ' కింద లెక్కకొచ్చే సంగీతానికి పన్ను లేదు. డీజే వాయించేది, ర్యాప్, రాక్ ఆ లెక్కలోకి రావని విచారణాధికారి అంది. గోల లేచాక ఆ అక్టోబరులో కౌంటీ బోర్డు నిబంధన మార్చింది. మన దగ్గర డప్పు 'జానపదం' గదిలో, వీణ 'సంగీతం' గదిలో ఉన్నాయి కదా, అక్కడా అవే గదులు. గోల చేస్తే అక్కడ రెండు నెలల్లో తలుపు తీశారు.

ఇప్పుడు దక్షిణం. 68వ వీధి దగ్గర స్టోనీ ఐలండ్ ఆర్ట్స్ బ్యాంక్. పాడుబడి కూల్చేయబోతున్న బ్యాంకు భవనాన్ని థియాస్టర్ గేట్స్ అనే కళాకారుడు నగరం నుంచి ఒక్క డాలరుకి కొని 2015లో తెరిచాడు. ఫ్రాంకీ నకల్స్ రికార్డులన్నీ అక్కడున్నాయి. 2014లో ఆయన పోయాక అక్కడికి చేరాయి. అదే భవనంలో ఇంకో సేకరణ ఉంది: నల్లవాళ్లని వెక్కిరిస్తూ తయారుచేసిన బొమ్మలు, డబ్బాలు, ప్రకటనలు, నాలుగువేల దాకా. ఒక నల్లజాతి దంపతులు అవి బజారులో తిరగకూడదని కొని దాచినవి. నేను మొదటిసారి 35వ వీధి దాటింది దానికోసమే. ఆ బొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాను. మన సినిమాల్లో, సామెతల్లో మనమీదున్నవన్నీ ఒక్క గదిలో పోగేస్తే ఎంత గది కావాలో అనుకున్నాను. పై అంతస్తులో ఎవరో ఫ్రాంకీ రికార్డు వేశారు.

జులైలో ఉంటే జాక్సన్ పార్క్‌లో చోజెన్ ఫ్యూ పిక్నిక్ వదులుకోకు. 1990లో ఒక కుటుంబం విందుగా మొదలైంది, ఇప్పుడు వేలమంది. బొగ్గుల మీద మాంసం కాలుతుంటుంది, టెంట్లు, మడతకుర్చీలు. అరవై దాటిన అమ్మమ్మలు ఒకప్పుడు టీనేజిలో విన్న పాటలకి మనవళ్లతో కలిసి డాన్సు చేస్తుంటారు. మా సీనియర్లు పోవద్దన్న చోటు ఇదే. నాకో పెద్దావిడ ప్లేటు నిండా పక్కటెముకల మాంసం పెట్టింది. ఎవరబ్బాయివని అడగలేదు, తిన్నావా అని అడిగింది.

తమ్ముడూ, పాస్‌పోర్టు ఒరిజినల్ పట్టుకెళ్లు, ఫోన్‌లో ఫొటో చూపిస్తే లోపలికి పంపరు. 21 నిండాలి. రెడ్ లైన్ రాత్రంతా నడుస్తుంది, స్మార్ట్‌బార్‌కి అడిసన్‌లో దిగాలి. చలికాలం కోటు లోపల దాచడానికి కొంచెం నగదు ఉంచుకో. చెవుల్లో పెట్టుకునే బిళ్లలు మందుల షాపులో దొరుకుతాయి, రెండు జతలు కొను. ఒకటి పక్కవాడికి పనికొస్తుంది.