అచ్చు అతికిన వీధి

లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ అనే పేట ఉంది. అక్కడ ఒక సన్నటి వీధిలో పోతుంటే, పాత ఇటుక ఇంటి గుమ్మం పక్కన కర్రతో చేసిన పెద్ద కండె వేలాడుతూ కనబడింది. మా ఆయన ఏదో అలంకారం అనుకుని ముందుకు నడిచిపోయారు. నా కాళ్లు మాత్రం కదల్లేదు. పెడనలో నేతగాళ్ల ఇంట పుట్టిన పిల్లకి కండెను ఒకరు చూపించి చెప్పాలా? బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని, తాతయ్య నాడెకు కావలసిన కండెలన్నీ చుట్టి పెట్టాకే మాకు ఆటలు. ఆ కండె ఇన్ని సముద్రాల అవతల ఎవరి గుమ్మానికి వేలాడుతోంది?

తలెత్తి చూశాను. పైకప్పు కింద, ఆ కొస నుంచి ఈ కొసకి వరసగా కిటికీలు. కింది అంతస్తుల్లో అంత పెద్దవి లేవు. అవి మగ్గం కిటికీలని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మా తాతయ్య గుంట మగ్గం కూడా వీధి వైపు కిటికీ పక్కనే ఉండేది. పోగు తెగితే కంటికి ఆనాలంటే వెలుతురు కావాలి. మనవాళ్లు నేలలో గుంట తవ్వి మగ్గం దింపారు, వీళ్లు మగ్గాన్ని మేడెక్కించారు. వెలుతురు కోసం పడిన ఆరాటం ఒక్కటే.

ఆ నేతగాళ్లను హ్యూగెనోలు అంటారు. ఫ్రాన్స్‌లోని ప్రొటెస్టెంట్లు. వాళ్ల ఆరాధనకు రక్షణగా ఉన్న శాసనాన్ని 1685లో పద్నాలుగో లూయీ రాజు రద్దు చేశాడు. దేశం విడిచి వెళ్లడం కూడా నేరమే అన్నారు. అయినా దొరికిన పడవ ఎక్కి దాదాపు 50 వేల మంది ఇంగ్లండు చేరారని చరిత్రకారుల అంచనా. పట్టు నేత తెలిసినవాళ్లు చాలామంది ఈ పేటలో దిగారు. ఇది నగరపు గోడకు బయట ఉండేది, అద్దెలు తక్కువ, నగరంలోని వృత్తి సంఘాల పెత్తనం అంతగా సాగదు. మన పద్మశాలీలు బతుకు వెతుక్కుంటూ షోలాపూర్, భివండీ వెళ్లలేదూ? అలాగే. ‘రెఫ్యూజీ’ అనే మాట ఇంగ్లీషులోకి వచ్చింది వీళ్ల వెంటే. మగ్గాల గదుల్లో పాడే పిట్టల్ని పంజరాల్లో పెంచుకునేవారట. ఆ సంగతి చదివినప్పుడు తాతయ్య మగ్గం పైన మేకుకు వేలాడిన రేడియో గుర్తొచ్చింది. రోజంతా ఒకే చప్పుడు చేసే చేతులకు తోడుగా ఒక పాట ఉండాలి కదా.

ఇంతవరకూ నాకు వాళ్ల మీద ప్రేమే. తరవాత చదివిన సంగతి చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. 1719లో ఈ నేతగాళ్లు గుంపులుగా లండన్ వీధుల్లో పడి, అద్దకం నూలు గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్లను ఆపి, ఒంటి మీద బట్టను ఒంటి మీదే చింపేశారు. సిరా చల్లారు. ఆమ్లం కూడా పోశారు. ఆ కోపమంతా ఆ బట్ట మీద. ఆ బట్టకు పుట్టిల్లు మన దేశం.

ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో స్థావరం పెట్టింది 1611లో. మా పెడనకు కూతవేటు దూరం. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానేసి తీసిన నలుపు. ఎన్ని ఉతుకులకీ వెలిసిపోని ఆ రంగులు చూసి లండన్ ఆడవాళ్లు మురిసిపోయారు. మన తీరం నుంచీ, గుజరాత్ నుంచీ, బెంగాల్ నుంచీ కంపెనీవాళ్లు ఆ బట్టను ఓడలకెత్తి తెచ్చారు. పట్టు నేసేవాళ్ల కడుపు కాలింది. అద్దకం బట్టల దిగుమతిని ఆపుతూ పార్లమెంటు 1700లో చట్టం చేసింది. వర్తకులు అప్పుడు తెల్ల బట్ట తెచ్చి ఇంగ్లండులోనే అద్దించడం మొదలుపెట్టారు. నేతగాళ్లు మళ్లీ తిరగబడ్డారు. చివరికి 1721లో, అద్దకం నూలు బట్ట తొడుక్కోవడమే నేరమంటూ ఇంకో చట్టం వచ్చింది.

చిరిగిన ఆ గౌన్లలో మా తీరంలో నేసిన నూలు లేదని ఎలా అనుకోను? ఒక దేశం తరిమితే వచ్చి తలదాచుకున్న చేతులు, ఎన్నడూ చూడని ఇంకో నేతగాడి కష్టాన్ని వీధిలో చింపి పారేశాయి. ఎంత కోపం తెచ్చుకోవాలని చూసినా నాకు పూర్తిగా రాలేదు. మరమగ్గం చీర కట్టుకుని మా ఇంటి పెళ్లికి వచ్చిన సొంత మేనకోడలితో తాతయ్య మూడేళ్లు మాట్లాడలేదు. ఆమె ఏం తప్పు చేసింది? చవగ్గా దొరికిన చీర కట్టుకుంది. తాతయ్య కళ్లకు అది చీరలా కాదు, లేచిపోతున్న తన మగ్గంలా కనబడింది. ఆ మూడేళ్ల మౌనాన్ని అర్థం చేసుకున్నదాన్ని, ఈ పేటవాళ్ల చేతుల్ని ఒక్కసారిగా శపించలేకపోతున్నాను. ఆ తరవాత వాళ్లకూ మిగిలింది లేదు. నేత కూలి రేట్లను కాపాడిన చట్టాన్ని 1824లో ఎత్తేశారు. 1860లో ఫ్రాన్స్‌తో జరిగిన ఒప్పందంతో ఫ్రెంచి పట్టు సుంకం లేకుండా వచ్చి పడింది. మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి.

ఇప్పుడు ఈ పేటలోని బ్రిక్ లేన్ వీధి మూల మీదున్న ఒక కట్టడం గురించి చెప్పాలి. గోడకు ఎండ గడియారం, దాని మీద 1743 అని అంకెలు. హ్యూగెనోలు కట్టుకున్న ప్రార్థనామందిరం అది. 1819లో మెథడిస్టు క్రైస్తవుల చేతికి వచ్చింది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976లో మసీదు అయింది. ఇప్పటికీ మసీదే. గోడలు అవే, గడియారమూ అదే.

నేత ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయాక, కొత్త పడుగులోని పోగులన్నిటినీ మొదటి నుంచి అచ్చులోకి, అంటే పోగుల్ని వరసగా నిలబెట్టే దువ్వెన లాంటి పనిముట్టులోకి, ఎక్కించరు. పాత పడుగు కొసలు అచ్చులోనే వదిలిపెట్టి, కొత్త పోగును పాత పోగుకు మెలిపెట్టి అతుకుతారు. అచ్చు అతకడం అంటాం. వేళ్లకు బూడిద రాసుకుని మా అమ్మ పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా అతుకుతూనే ఉండేది. ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా చార పడుతుంది. అంతా అతికాక మెల్లగా లాగితే, పాత కొసలు పట్టుకుని కొత్త పడుగు అచ్చులోంచి ఇవతలికి వస్తుంది. పాత పడుగు అక్కడితో సరి. కానీ అది లేకపోతే కొత్తదానికి దారి లేదు. ఆ మూల మీది కట్టడాన్ని చూసినప్పుడల్లా అమ్మ వేళ్లే కనబడతాయి.

హ్యూగెనోల తరవాత వచ్చినవాళ్లు యూదులు. రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ 1881లో హత్యకు గురయ్యాక, అక్కడ యూదుల ఇళ్ల మీద దాడులు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం దాకా లక్షకు పైగా యూదులు బ్రిటన్ చేరారు. చాలామంది ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఈ వీధుల్లోకే వచ్చారు. మగ్గాలు పోయిన గదుల్లోకి కుట్టుమిషన్లు వచ్చాయి. బ్రూన్ స్ట్రీట్‌లో పేద యూదులకు సూపూ రొట్టే పెట్టిన అన్నసత్రం ముందు గోడ మీద దాని పేరు ఇప్పటికీ చెక్కి ఉంది. వచ్చినవాళ్లు ఎక్కువయ్యారన్న గోల పెరిగి, 1905లో వలసలకు అడ్డుకట్ట వేసే చట్టం చేశారు. ఎవరు వచ్చినా ఈ వీధి వాళ్లకు ముందు పని చూపించింది, ఆ తరవాతే వాళ్ల మీద కోపం చూపించింది.

యూదులు కాస్త నిలదొక్కుకుని మెరుగైన పేటలకు వెళ్లాక, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్ నుంచి బెంగాలీలు వచ్చారు. వాళ్లలో ముందు వచ్చినవాళ్లు ఓడల్లో కొలిమి దగ్గర బొగ్గు వేసిన నావికులు. ఆ వెనక వచ్చినవాళ్లు అవే గదుల్లో తోలు జాకెట్లు కుట్టారు. 1978 మే 4న అల్తాబ్ అలీ అనే పాతికేళ్ల బట్టల కార్మికుణ్ణి, పని నుంచి ఇంటికి పోతుండగా, జాతి ద్వేషంతో పొడిచి చంపారు. పది రోజులకి వేల మంది అతని శవపేటిక వెంట ప్రధాని నివాసం దాకా నడిచారు. అతను కూలిన చోటు పక్కనున్న తోటకు 1998లో అతని పేరే పెట్టారు. ఢాకాలో మాతృభాష కోసం ప్రాణాలిచ్చినవాళ్ల స్మారకానికి నమూనా కూడా ఆ తోటలోనే ఉంది. ఫిబ్రవరి 21న అక్కడ పూలు పెడతారు. పోయిన ఏడు మా అమ్మాయిని తీసుకెళ్లి నేనూ ఒక పువ్వు పెట్టాను. వీధి పేరు పలక మీద బెంగాలీ అక్షరాలు చూపించి, ‘‘మన అక్షరాలు ఎక్కడున్నాయమ్మా?’’ అని అడిగింది. ఇంటికి వచ్చి ఆ సాయంత్రమే పలక మీద అ ఆలు దిద్దించడం మొదలుపెట్టాను.

ఇప్పుడు ఆ పేటను చూస్తే గుబులుగా ఉంది. పక్కనే బ్యాంకుల అద్దాల మేడలు ఏడాదికేడాది దగ్గరికి జరుగుతున్నాయి. పది కుటుంబాలు సర్దుకున్న నేత ఇంట్లో ఇప్పుడు ఒక్క సంపన్న కుటుంబం ఉంటోంది. అద్దెలు మోయలేక బెంగాలీ హోటళ్లు మూతపడుతున్నాయి. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా పాత కొసకు తమ పోగు అతుక్కున్నారు. ఈసారి వచ్చినది డబ్బు. డబ్బుకు అతికే ఓపిక ఉండదు. అచ్చును ఊడబెరికి, కండెను మాత్రం అందానికి గుమ్మానికి తగిలిస్తుంది.

ఈ మాట రాస్తుంటే చేయి ఆగింది. మా ఇంటి సంగతి మాత్రం వేరా? తాతయ్య పోయాక మగ్గం విప్పేశాం. అన్నయ్య హైదరాబాద్ వెళ్లాడు, నేను ఇక్కడికి వచ్చాను. గుంట పూడ్చి పైన బండలు పరిపించాం. కిటికీ పక్కన గాలి వస్తుంది కదా, మంచం అక్కడ వేసుకోమని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మకు చెబుతాను.

‘‘అక్కడ మీ తాతయ్య కాళ్లుంటాయే’’ అంటుంది. ఇప్పటికీ ఆ నాలుగు బండలూ ఖాళీగానే ఉంచుతుంది.