ప్లేగు దినములు - బంగారు వన్నె మందు

ఉగాదినాడు మల్లేశ్వరమునకో, బసవనగుడికో చుట్టములను చూడబోవు మనము ఒక సంగతి తలచుకొనవలెను. ఆ పేటలు పెరుగుటకు ప్లేగు ఒక కారణము. 1898 ఆగస్టులో ఆ వ్యాధి హుబ్బళ్ళి వైపునుండి రైలుమార్గమున బెంగుళూరు చేరెను. జనము ఇండ్లు విడిచి ఊరి బయట పాకలలో తలదాచుకొనిరి. ప్లేగు సూక్ష్మజీవిని 1894లోనే హాంకాంగులో యెర్సిన్ అను వైద్యుడు కనుగొనెను గాని, దానిని అణచు మందు లేకుండెను. ఈ ఊరి ప్లేగమ్మ గుడులు ఆనాటి భయమునకు నేటికిని సాక్షులు.

ఆ యేటికి, భీమవరమున పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మూడేండ్ల బాలుడు. పెద్దవాడై మదరాసులో వైద్యము చదివి, అమెరికాలో హార్వర్డున పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, పిమ్మట పరిశోధనాధ్యక్షులైరి.

ఆరియోమైసిన్‌ను ఆయనే కనిపెట్టిరని మనవారు సభలలో చెప్పుచుందురు. అది సరిగాదు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలము మట్టినుండి బంగారు వన్నె గల సూక్ష్మజీవిని వేరుచేసి మందు రాబట్టినవారు డెబ్బది దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధనశాలను నడిపించినవారు సుబ్బారావుగారు. పరుల కీర్తి మనవారికి తగిలింపనక్కరలేదు, ఉన్నదే చాలును. 1948లో మందు లోకమునకు వెల్లడియయ్యెను. ఆ ఆగస్టులోనే ఆయన కన్నుమూసిరి.

ఇక మందు పనిచేయు తీరు. సూక్ష్మజీవిలో మాంసకృత్తులు తయారుచేయు చోటుకు రైబోసోమ్ అని పేరు. అచ్చటికి సరుకు ఒక్కొక్క వ్యాగనుగా వచ్చి దిగవలెను. మందు పోయి ఆ లైనులో అడ్డుగా నిలుచును. వ్యాగను లోనికి రాదు, సరుకు దిగదు. సూక్ష్మజీవి పెరుగుట ఆగును. మందు చాలవరకు శత్రువును నిలిపివేయును. తుదముట్టించునది మన ఒంటి బలమే. ఈ కుటుంబమునకు చెందిన టెట్రాసైక్లిన్‌ను 1994లో సూరతు ప్లేగునాడు జనమునకు పంచిరి. నేడు డాక్టర్లు వ్రాయు డాక్సీసైక్లిన్ కూడ ఈ వంశమే.

కాని జలుబు వైరసు వలన వచ్చును. దానిపై ఈ మందు పనిచేయదు. పొరుగింట మిగిలిన గుళికలు మ్రింగుట, చెప్పిన దినములు గడువకమునుపే మానుట తగదు. తగనిచోట వాడినకొలది సూక్ష్మజీవులు మందునకు లొంగని నేర్పు సంపాదించును. చిన్నపిల్లల దంతములకు రంగు పట్టును గనుక వారికి డాక్టరు చెప్పనిదే ఈయరాదు.

మన పూర్వులకు దొరకని మందు మనకు దొరికినది. మన పిల్లల నాటికిని అది పనిచేయునట్లు కాపాడుదము.