1976 స్వైన్ ఫ్లూ: రోగం రాలేదు, బిల్లు మాత్రం వచ్చింది

ఈ ఎపిసోడ్ మా పిన్ని దగ్గర మొదలవుతుంది. ఆవిడ ఏఎన్ఎం. 2021 జనవరిలో కరోనా టీకా మొదటి విడత హెల్త్ వర్కర్లకే కదా వేశారు, అప్పుడు ఆవిడకి కోవాగ్జిన్ వచ్చింది. సూది వేసే ముందు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారట. పిన్ని దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, వెంటనే ఫోన్ చేసింది: "ఒరేయ్, ఇందులో నష్టపరిహారం అని ఏదో ఉంది, కాస్త చదివి చెప్పు."

నేను ఆఫీసు కాల్‌లో ఉన్నా. గబగబా చూశా. టీకా వల్ల తీవ్రమైన ఇబ్బంది వస్తే, అది టీకా వల్లే వచ్చిందని రుజువైతే, పరిహారం కంపెనీ ఇస్తుంది అని ఉంది. కంపెనీ అంటే మన హైదరాబాద్ భారత్ బయోటెక్. "ఏం లేదు పిన్నీ, పెట్టెయ్" అన్నా. పెట్టేసింది. ఆవిడకి ఏమీ కాలేదు, ఒకరోజు జ్వరం అంతే.

కానీ "రుజువైతే" అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. ఎవరు రుజువు చేయాలి? అందులోనూ కంపెనీ ఇస్తుంది అని రాయడానికి ఆ కంపెనీ ఎలా ఒప్పుకుంది? దీని వెనక పెద్ద కథ ఉంది. అది 1976లో, అమెరికాలో జరిగింది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరంలో ఒక కుర్ర సైనికుడు ఫ్లూతో చనిపోయాడు. ల్యాబ్‌లో చూస్తే పందుల్లో వచ్చే ఫ్లూ వైరస్. డాక్టర్లకి వెంటనే 1918 గుర్తొచ్చింది, కోట్ల మందిని తీసుకుపోయిన ఫ్లూ. ఆ వైరస్‌కి ఇది దగ్గరి చుట్టం అనుకున్నారు. అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీకి అప్పటి డైరెక్టర్ డేవిడ్ సెన్సర్. దేశం మొత్తానికీ టీకా వేయాలి అని ఆయన సిఫార్సు. మార్చి 24న అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ టీవీ ముందుకొచ్చి ప్రకటించేశాడు. పోలియో టీకా హీరోలు జోనస్ సాక్, ఆల్బర్ట్ సాబిన్ ఇద్దరూ ఆయన వెంటే ఉన్నారు. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు, అయినా వచ్చారు! 13.5 కోట్ల డాలర్లు అడిగితే కాంగ్రెస్ ఇచ్చేసింది. అప్పటికి అమెరికా జనాభా 21 కోట్ల పైనే.

డబ్బు, సైన్స్, రాజకీయం అన్నీ ఓకే. అప్పుడు ఎవరూ పట్టించుకోని వాళ్లు చెయ్యెత్తారు. ఇన్సూరెన్స్ కంపెనీలు.

టీకా తయారీదారులు నలుగురు: మెర్క్, మెరెల్, పార్క్-డేవిస్, వైయెత్. ఈ టీకా మీద వచ్చే కేసులకి మేం కవరేజ్ ఇవ్వం అని వాళ్ల బీమా కంపెనీలు చెప్పేశాయి. టీకా ప్రమాదకరమనా? కాదు, అదే ఇక్కడ ఇంట్రెస్టింగ్. వాళ్ల భయం టీకా గురించి కాదు, కోర్టుల గురించి.

దానికి రెండేళ్ల ముందు, 1974లో, రెయెస్ వర్సెస్ వైయెత్ అని ఒక తీర్పు వచ్చింది. టెక్సాస్‌లో ఒక సర్కారు క్లినిక్‌లో పసిపాపకి పోలియో చుక్కలు వేశారు. తర్వాత పాపకి పోలియో వచ్చింది. చుక్కల వల్ల చాలా అరుదుగా పోలియో రావచ్చు అని కంపెనీ తన డబ్బాలోని కాగితంలో రాసింది. కానీ ఆ మాట తల్లిదండ్రులదాకా చేరలేదు, నర్సు చెప్పలేదు. కోర్టు ఏమందంటే, మామూలుగా అయితే డాక్టరుకి చెబితే చాలు, కానీ ఇలా వరసలో నిలబెట్టి వేసే చోట రోగిని విడిగా చూసి నిర్ణయించే డాక్టర్ ఎవరూ ఉండరు, కాబట్టి ఆ హెచ్చరిక మనిషిదాకా చేరేలా చూడాల్సింది కంపెనీయే. టీకాలో లోపం లేదు, అయినా పరిహారం కట్టాల్సిందే.

ఇప్పుడు దీన్ని 21 కోట్ల మందికి వేసి చూడండి. బీమా నడిచేది లెక్క మీద. బైక్ ఇన్సూరెన్స్ ఉంది, లక్ష బైకుల్లో ఏడాదికి ఎన్ని పడతాయో వాళ్లకి తెలుసు, దాన్ని బట్టే ప్రీమియం. ఇక్కడ పాత డేటా లేదు. పైగా కోట్ల మందికి సూది వేస్తే, మర్నాడు గుండెపోటుతో పోయేవాళ్లు ఎలాగూ కొందరుంటారు, టీకా వేయకపోయినా పోయేవాళ్లే. కానీ ఇంట్లోవాళ్లకి కనిపించేది సూది. వాళ్లు కేసు వేస్తారు. కంపెనీ గెలిచినా లాయర్ ఫీజు మాత్రం కట్టాలి కదా.

నేను సాఫ్ట్‌వేర్ చేసే రోజుల్లో ఏ ఓపెన్ సోర్స్ లైసెన్స్ తెరిచినా కింద పెద్దక్షరాల్లో ఒకటే ఉండేది: ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏమైనా అయితే మాకు సంబంధం లేదు. మనం చదవకుండానే ఓకే కొట్టేస్తాం. ఒంట్లోకి ఎక్కించే మందుకి అలా రాసి తప్పించుకోవడం కుదరదు. అందుకని కంపెనీలు ప్రభుత్వానికి చెప్పాయి: బాధ్యత మీరు తీసుకోండి, లేదంటే టీకా బయటికి రాదు. వేసవి అంతా ఇదే గొడవ. కాంగ్రెస్‌లో చాలామందికి ఇది బ్లాక్‌మెయిల్ లాగా అనిపించింది. నిజం చెప్పాలంటే మొదట చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది.

దీన్ని కదిలించింది వేరే రోగం. జులై చివర్లో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. ఇళ్లకి వెళ్లాక వాళ్లు ఒకరి తర్వాత ఒకరు న్యుమోనియాతో చనిపోవడం మొదలైంది. వచ్చేసింది స్వైన్ ఫ్లూ అని దేశం వణికింది. ఆగస్టు మొదటి వారంలోనే, ఇది ఫ్లూ కాదు అని సీడీసీ చెప్పింది. అది వేరే బాక్టీరియా అని తర్వాతి ఏడాది తేలింది. దాన్నే ఇప్పుడు లీజనేర్స్ వ్యాధి అంటారు. కానీ అప్పటికే భయం తన పని తను చేసేసింది. బిల్లు పాసైంది, ఆగస్టు 12న ఫోర్డ్ సంతకం పెట్టేశాడు. పబ్లిక్ లా 94-380.

ఆ చట్టంలో ఏముందంటే, టీకా వల్ల నష్టం జరిగితే కేసు కంపెనీ మీద కాదు, సూది వేసిన నర్సు మీద కాదు, నేరుగా అమెరికా ప్రభుత్వం మీదే వేయాలి. జ్యూరీ ఉండదు, జడ్జి ఒక్కడే చూస్తాడు. శిక్షగా అదనపు పరిహారం అడగకూడదు. కంపెనీ నిర్లక్ష్యం ఉంటే ఆ డబ్బు ప్రభుత్వం తర్వాత కంపెనీ నుంచి వసూలు చేసుకోవచ్చు. అంటే మొదటి బిల్లు మాత్రం ఖజానాకే.

అక్టోబర్ 1న టీకా మొదలైంది. పదకొండో రోజుకే పిట్స్‌బర్గ్‌లో, ఒకే క్లినిక్‌లో వేయించుకున్న ముగ్గురు పెద్దవాళ్లు చనిపోయారు. టీకాతో సంబంధం కనబడలేదు, గుండె జబ్బు. కానీ కొన్ని రాష్ట్రాలు టీకా ఆపేశాయి. జనానికి ధైర్యం చెప్పడానికి ఫోర్డ్ కెమెరాల ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి టీకా వేయించుకున్నాడు. బీమా వాళ్లు ఊహించిన సీన్ అచ్చంగా అదే.

నవంబర్‌లో మాత్రం నిజమైన సమస్య వచ్చింది. గిలెయిన్ బారీ సిండ్రోమ్. నరాలు దెబ్బతిని కాళ్లు చేతులు చచ్చుబడతాయి. చాలామంది కోలుకుంటారు, కొందరు కోలుకోరు. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేశారు. అప్పటికి సుమారు 4.5 కోట్ల మంది వేయించుకున్నారు. తర్వాత లెక్కల్లో తేలింది, సుమారు లక్ష మందికి ఒక అదనపు కేసు. లక్షకి ఒకటి చిన్నదే. 4.5 కోట్లకి లెక్కేయండి, 450 మంది. జనం సంతకం పెట్టిన ఫారంలో ఆ జబ్బు పేరు లేదు.

అసలు స్వైన్ ఫ్లూ? ఫోర్ట్ డిక్స్ దాటి వ్యాపించనే లేదు. చనిపోయింది ఆ ఒక్క సైనికుడే.

4,000కు పైగా క్లెయిములు వచ్చాయి. ప్రభుత్వం చివరికి కట్టింది సుమారు 9 కోట్ల డాలర్లు. 1978లో ఆరోగ్య మంత్రి జోసెఫ్ కాలిఫానో ఒక మంచి పని చేశాడు: గిలెయిన్ బారీ వచ్చినవాళ్లు ఎవరిదో నిర్లక్ష్యం అని నిరూపించక్కర్లేదు, టీకా వల్ల వచ్చిందని చూపిస్తే చాలు అన్నాడు. అయినా ఆ "వల్ల" అన్నదాని మీదే ఏళ్ల తరబడి కోర్టులు. సూది వేసిన చాలా వారాల తర్వాత జబ్బు వచ్చినవాళ్లతో ప్రభుత్వ లాయర్లు గట్టిగా పోరాడారు.

దాని నుంచి అమెరికా నేర్చుకుంది, ఆలస్యంగా. పిల్లల టీకాల కోసం 1986లో ఒక చట్టం తెచ్చి, ఒక్కో టీకా మీద చిన్న పన్ను వేసి నిధి పెట్టారు. తప్పెవరిది అని అడగకుండా దాంట్లోంచి ఇస్తారు. బ్లాక్‌మెయిల్ అనుకున్న నేను ఇక్కడికొచ్చేసరికి మెత్తబడ్డా. అందరి కోసం లక్ష మందిలో ఒకరు దెబ్బ తింటే, ఆ ఒక్కరి ఖర్చు అందరం పంచుకోవడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. కంపెనీని వదిలేయడం మాత్రమే చేసి, ఆ ఒక్కరికి దారి చూపకపోతే అది న్యాయం కాదు.

మన దగ్గర? 2021లో ఫైజర్, మోడెర్నా కేసుల నుంచి రక్షణ అడిగాయి, ఆ చర్చలు తేలలేదు, ఆ టీకాలు మన ప్రోగ్రాంలోకి రాలేదు. 2022 నవంబర్‌లో, టీకా తర్వాత కూతుళ్లని పోగొట్టుకున్న తల్లిదండ్రుల కేసులో కేంద్రం సుప్రీంకోర్టుకి చెప్పింది: టీకా స్వచ్ఛందం, ప్రభుత్వానికి బాధ్యత అంటగట్టలేం, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు.

మొన్న ఇదంతా పిన్నికి చెప్పా. మొత్తం విని, "మరి ఆరోజు ఏం లేదు పెట్టెయ్ అన్నావేంట్రా?" అంది. ఆ ఫొటో ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఈసారి జూమ్ చేసి, ఒక్కో లైనూ తెలుగులో చెప్పా.