నూజివీడు – హైదరాబాదు: దూరం, ప్రయాణ సమయం

నూజివీడు ఏలూరు జిల్లాలోని మామిడి పట్టణం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్విభజించే వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇక్కడి నుంచి హైదరాబాదుకు రోడ్డు దూరం సుమారు 310 కిలోమీటర్లు. ఆకాశమార్గాన సుమారు 260.

పట్టణంలో విమానాశ్రయం లేదు. రైలు స్టేషను కూడా లేదు. నూజివీడు పేరు పెట్టుకున్న స్టేషను హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. విమానం ఎక్కాలంటే గన్నవరం వెళ్లాలి. ఆగిరిపల్లి మీదుగా ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. అది పేరుకు విజయవాడ విమానాశ్రయమే అయినా, నూజివీడు వాళ్లకు విజయవాడ కంటే దగ్గర. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాలకు ఏర్పడిన ఈ స్థావరానికి 2017లో అంతర్జాతీయ హోదా దక్కింది.

గన్నవరం నుంచి హైదరాబాదు విమానాశ్రయం ఉన్న శంషాబాదుకు గగనతల దూరం సుమారు 265 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే ఏటీఆర్-72 రెక్కపంకాల విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోగలదు. ఆ లెక్కన అరగంట సరిపోవాలి. టైమ్‌టేబుల్లో మాత్రం గంట, ఆపైన ఉంటుంది. నిలిచిన చోటు నుంచి రన్‌వే దాకా నేల మీద కదలడం, పైకెక్కడం, శంషాబాదు దగ్గర దిగేందుకు వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ టెర్మినల్ చేరడం అన్నీ ఆ గంటలోనివే. పూర్తి వేగంతో సాగేది కాసేపే. అందుకే జెట్ విమానమైనా ఇక్కడ మిగిల్చేది కొద్ది నిమిషాలు.

ఇంటి గుమ్మం నుంచి లెక్కిస్తే కథ వేరు. గన్నవరానికి ముప్పావుగంట నుంచి గంట, ముందుగా చేరి వేచి ఉండటానికి గంటన్నర, విమానంలో గంట, సామాను కోసం అరగంట, శంషాబాదు నుంచి నగరంలోకి మరో గంట. మొత్తం దాదాపు అయిదు గంటలు. కారులో జాతీయ రహదారి 65 మీదుగా వెళ్లినా అయిదున్నర, ఆరు గంటల్లో చేరవచ్చు. 2008 మార్చి 23న విమాన రాకపోకలు శంషాబాదుకు మారక ముందు విమానాలు ఊరి నడుమ బేగంపేటలో దిగేవి. విమానకాలం పెద్దగా మారలేదు, ప్రయాణమే పెరిగింది. హైదరాబాదు వరకైతే విమానం లాభం అంతంతమాత్రమే. ఢిల్లీకైతే పోలికే లేదు: గగనతలంలో దాదాపు 1,400 కిలోమీటర్లు, రెండుంబావు గంటల ప్రయాణం. అదే మామిడి లారీకి రోజుల లెక్క.

ఈ ప్రాంతపు మామిడి ఎక్కువగా లారీల మీదే కదులుతుంది. కాయను కాస్త తొడిమతో కోస్తారు. లేకుంటే సొన కారి తొక్క మీద మచ్చలు పడతాయి. బంగినపల్లి గట్టి కాయ, పెట్టెలో పేర్చినా తట్టుకుంటుంది. చిన్నరసాలు, పెద్దరసాలు అలా కాదు. లోపలంతా రసం. పండాక పైబరువు పడితే చితుకుతాయి. నూజివీడుకు పేరు తెచ్చిన పండే దూరాభారానికి పనికిరాకపోవడం విచిత్రం.

మామిడిని విమానంలో వెంట తీసుకెళ్లాలంటే, దేశీయ విమానాల్లో చెక్-ఇన్ సామానుకు సాధారణంగా 15 కిలోల పరిమితి. అట్టపెట్టె బరువూ అందులోదే. పెట్టెలో పండిన రసాలు పెట్టకండి. ముదిరిన పచ్చికాయ అయితే ఊరు చేరాక మాగుతుంది.