సగటు లెక్కలో కనిపించని గూడెం

చదువు అనగానే మనకు బడి, పిల్లలు, పలక గుర్తుకొస్తాయి. కానీ బడి ఈడు దాటిన వాళ్లకు చదువు అందించాలన్న ప్రయత్నం తెలుగునాట చాలాకాలంగా సాగుతోంది. పడవ గ్రంథాలయం, రాత్రి బడి, నిరంతర విద్యా కేంద్రం అంటూ దాని పేర్లు మారుతూ వచ్చాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాల ఆదివాసులుగా మనం ఈ చరిత్రను ఒక ప్రశ్నతో చదవాలి. కేంద్రం ఎక్కడ పెట్టాలన్నది ఏ లెక్క చూసి నిర్ణయించారు?

1914 ఏప్రిల్‌లో బెజవాడలో తెలుగు గ్రంథాలయాలన్నిటికీ కలిపి ఒక సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఆ ఉద్యమానికి ముఖ్యుడు. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. మనిషి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరికి వెళ్లాలని ఆ పడవ నేర్పింది. అయితే కాలువ ఉన్నంత వరకే పడవ వెళుతుంది. పోలవరం, బుట్టాయగూడెం కొండల్లోని కోయ, కొండరెడ్డి గూడేలకు అలాంటి దారి లేదు.

1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ మొదలైంది. నెల్లూరు జిల్లాలో రాత్రిపూట దీపాల కింద పెద్దవాళ్లు అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలోని ‘సీతమ్మ కథ’ సారా వల్ల చెడిన సంసారం గురించి. ఆ పాఠం మీద చర్చించుకున్న దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. పెద్దవాళ్ల చదువు సంతకంతో ఆగదని ఆ పేద స్త్రీలు నిరూపించారు.

నేర్చుకున్న అక్షరం మరచిపోకుండా ఉండాలని తర్వాత నిరంతర విద్యా కేంద్రాలు వచ్చాయి. పుస్తకాలు, దినపత్రిక, వృత్తి శిక్షణ, నడిపేందుకు ఒక ప్రేరక్ అక్కడ ఉండాలి. మొదటి మూడేళ్లు ఖర్చంతా కేంద్ర ప్రభుత్వానిది, తర్వాతి రెండేళ్లు సగం, ఆపైన రాష్ట్రానిది. సుమారు 2,000 జనాభాకు ఒక కేంద్రం అన్నది కొలత. మైదానపు ఊరికి ఈ కొలత సరిపోతుంది. ముప్పై, నలభై ఇళ్ల గూడేలు ఎన్ని కలిస్తే 2,000 మంది అవుతారు? వాగు దాటి, చీకట్లో నడిచి, కూలి నుంచి వచ్చిన తల్లి వేరే ఊళ్లోని కేంద్రానికి వెళుతుందా?

2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ మొదలైంది. పంచాయతీకి ఒక వయోజన విద్యా కేంద్రం, ఇద్దరు ప్రేరక్‌లు. మంచి ఏర్పాటే. కానీ 2001 జనాభా లెక్కల ప్రకారం వయోజన స్త్రీల అక్షరాస్యత 50 శాతం, అంతకు తక్కువ ఉన్న జిల్లాలనే ప్రధానంగా ఎంచుకున్నారు. డెల్టా ఊళ్ల చదువు వల్ల పశ్చిమ గోదావరి సగటు ఆ గీతకు చాలా పైన ఉంది. అదే 2001లో రాష్ట్రంలోని గిరిజన స్త్రీల అక్షరాస్యత 26 శాతమే. జిల్లా సగటు బాగుంది కాబట్టి గూడెం కూడా బాగున్నట్టే అయింది. కైకలూరు వైపు కొల్లేరు ఊళ్లు అప్పుడు కృష్ణా జిల్లాలోవి. ఆ జిల్లా కూడా గీతకు పైనే. కొల్లేరు చుట్టూ బతికే యానాదులు, ఎరుకలు అలా లెక్కలో కలిసిపోయారు. 2014లో మన వైపు కలిసిన కుక్కునూరు, వేలేరుపాడు మాత్రం అంతకుముందు ఖమ్మంలో ఉన్నందున ఆ పథకం కిందికి వచ్చాయి. బుట్టాయగూడెం కోయలకూ కుక్కునూరు కోయలకూ మధ్య తేడా చదువులో లేదు, జిల్లా సరిహద్దులో ఉంది. 2018 మార్చితో ఆ పథకమూ ముగిసింది.

దీనివల్ల నష్టం కాగితాల దగ్గర తెలుస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా కావాలంటే గ్రామసభలో దరఖాస్తు పెట్టాలి, ఆధారాలు చూపాలి, తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవాలి. పోలవరం ముంపు ఊళ్ల వాళ్లు పరిహారం జాబితాలో తమ పేరు, విస్తీర్ణం సరిచూసుకోవాలి. కొల్లేరులో 1970లలో పేదల సహకార సంఘాలకు ఇచ్చిన చెరువులు ఎన్నో లీజు కాగితాల మీద బయటి పెట్టుబడిదారుల చేతికి వెళ్లాయి. చదవని కాగితం మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

జపాన్‌లో 1946 నుంచి ‘కోమిన్‌కాన్’ పేరుతో ఊరి చదువు మందిరాలు నడుస్తున్నాయి. యునెస్కో 1998లో ఆసియా దేశాల్లో సామూహిక అభ్యసన కేంద్రాల పని మొదలుపెట్టింది. ఏం నేర్చుకోవాలో ఆ ఊరి వాళ్లే నిర్ణయించుకోవాలన్నది వీటి మూల సూత్రం. మనకూ అది సరిపోతుంది. కోయ మాట్లాడే గూడెంలో మొదటి మాట కోయలోనే ఉండాలి. జీడిమామిడి రైతుకు తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం నుంచి సలహా రావాలి. కొల్లేరు యానాది యువకుడికి వలలతో పాటు లీజు లెక్కలు తెలియాలి. బడి మానేసిన అమ్మాయికి సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాసే దారి చూపాలి.

2022 నుంచి 2027 దాకా నడిచే ‘ఉల్లాస్’ పథకం 15 ఏళ్లు దాటిన వాళ్ల కోసం. దాని అమలుకు ప్రమాణం జిల్లా కాదు, బడి. గూడెంలో బడి ఉంటే లెక్క గూడెం నుంచే మొదలుపెట్టవచ్చు. ఉపాధ్యాయ మిత్రులారా, యువకులారా, ఇల్లిల్లూ తిరిగి చదవడం రాని పెద్దల పేర్లు రాయండి. ఏం నేర్చుకోవాలనుందో, ఏ పూట తీరిక ఉంటుందో పేరు పక్కనే రాయండి. ఆ జాబితాను గ్రామసభలో చదివి, మండల విద్యాధికారికి, కోట రామచంద్రపురం ఐటీడీఏకి ఇవ్వండి. ఈసారి ఎవరైనా జిల్లా సగటు చూపిస్తే, మన చేతిలో గూడెం జాబితా ఉండాలి.