అవతలికి పోని గుండు

తెల్లారడానికి ఇంకా గంట ఉంది. తూర్పు వయోమింగ్‌లో జనవరి చలి. ట్రక్కు హీటరు వేడికి మొహం చుర్రుమంటోంది, పాదాలు మాత్రం కొయ్యబారిపోయాయి. గొర్రెల మంద ఉన్న పెద్దాయన డాష్‌బోర్డు మీద రెండు తూటాలు నిలబెట్టాడు. రెండూ .223 రెమింగ్టన్ తుపాకివే.

"ఏది పట్టుకెళ్దాం?"

టార్చి వేసి చూశాను. ఒకదాని గుండు ముక్కు దాకా రాగి తొడుగే. రెండోది హోర్నడీ వి-మ్యాక్స్, కొసన అగ్గిపుల్ల తలంత ఎర్ర ప్లాస్టిక్ మొన. గుండు బరువు 55 గ్రెయిన్లు, అంటే మూడున్నర గ్రాములు. అరకాసు బంగారం కూడా తూగదు. నిండా రాగి తొడుగున్నదే గట్టిది కదా అని దాన్ని చూపించాను.

ఆయన నవ్వి దాన్ని జేబులో పడేసుకున్నాడు. "ఇది సూదిలా దూరి సూదిలా పోతుంది. కయోటీ గుట్ట దాటిపోయి ఎక్కడో తీసుకుని తీసుకుని చస్తుంది."

ఎర్రమొన తీరు వేరు. సెకనుకు 3,200 అడుగులకు పైగా వేగంతో గొట్టం వదిలి వెళ్లి, తగలగానే మొన వెనక్కి నొక్కుకుంటుంది, పల్చటి తొడుగు చిట్లి, సీసం లోపలే నుగ్గవుతుంది. ఊపంతా అక్కడే తీరిపోతుంది. అవతలికి రాకపోతే తోలుకు ఒక్కటే చిల్లు. అదే గుండును .22-250 తుపాకిలో ఇంకా వేగంగా కొట్టొచ్చు. .243లో బరువైన గుండు గాలికి బాగా నిలుస్తుంది గానీ తోలు చింపేస్తుందని ఈయన ఫిర్యాదు. (కాలిఫోర్నియాలో అయితే ఈ సీసం బేరమే లేదు. సీసం తిని కాండర్ రాబందులు చచ్చిపోతున్నాయని 2019 జులై నుంచి వేటలో సీసం గుండ్లు పూర్తిగా నిషేధం.)

"భుజం ఎముక మీద మాత్రం కొట్టకూడదు. గుండు పైపైనే పగిలి పుండు చేసి ఊరుకుంటుంది."

సేజ్ పొదల వెనక బోర్లా పడుకున్నాం. గాలి ఎడమ చెంప మీద కొడుతోంది. పెద్దాయన ఈల ఊదితే ఉచ్చులో పడ్డ కుందేలు ఏడ్చినట్టుంది. పది నిమిషాలు ఏమీ లేదు. ఆనక బూడిదరంగు కయోటీ ఒకటి కదిలింది. మన గుంటనక్కకు అన్నలా ఉంది. చలికాలపు బొచ్చులో తోడేలంత కనిపిస్తోంది గానీ లోపల ఉన్నది పదమూడు, పద్నాలుగు కిలోలే. నేరుగా రాదు, మా వాసన పట్టడానికి కుడివైపు చుట్టు తిరుగుతోంది.

రెండొందల గజాలు. గాలి గంటకు 10 మైళ్లుంటే ఇంత దూరంలో ఈ గుండు దాదాపు 5 అంగుళాలు పక్కకు జరుగుతుంది. పెద్దాయన తుపాకి గాలికెదురుగా అంత జరిపి ఆగాడు. అది పూర్తిగా పక్కకు తిరగాలి. తిరిగింది.

మంచులో నడిచి వెళ్లేసరికి దాని బొచ్చు గాలికి ఊగుతోంది. ఆయన చేతితొడుగులు తీసి, పక్కటెముకల మీద వేళ్లతో పాయలు తీసి చూపించాడు. కందిగింజంత చిల్లు. దాన్ని అటు పొర్లించి రెండోవైపు వెతకడం మొదలుపెట్టాడు. చాలాసేపు వెతికాడు.