హైదరాబాద్ వదిలి వేరే ఊళ్లో సెటిల్ అవుదామనుకుంటున్నారా? కొత్త జంటలు ముందుగా ఈ లెక్కలు చూసుకోవాల్సిందే!

కొత్తగా పెళ్లయింది. ఇద్దరూ ఉద్యోగస్తులే. అయినా అద్దె, పెట్రోలు, కరెంటు బిల్లు పోగా నెలాఖరుకి చేతిలో మిగిలేది అంతంతమాత్రమే. దీంతో చాలామంది యువ జంటల చూపు వరంగల్, కరీంనగర్, విజయవాడ, రాజమండ్రి లాంటి ఊళ్ల మీద పడుతోంది. అక్కడైతే అద్దె తక్కువ, ట్రాఫిక్ తక్కువ, అమ్మానాన్నలకూ దగ్గర. అంతా బాగానే ఉంది కానీ, అద్దె ఒక్కటే చూసి ఊరు మారితే తర్వాత ఇబ్బంది పడాల్సి వస్తుంది. మరి ఏమేం చూసుకోవాలి? తెలుసుకుందాం.

ఒక ఉద్యోగం పోతే పరిస్థితి ఏంటి?

ఊరు ఎంచుకునేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే, అదే ఊళ్లో ఇంకోటి దొరుకుతుందా? లేదంటే దగ్గర్లోని పెద్ద సిటీకి వెళ్లి రావడానికి వీలుందా?

ఈ విషయంలో వరంగల్‌కు కొంత వెసులుబాటు ఉంది. హైదరాబాద్‌కు సుమారు 145 కిలోమీటర్లు. పక్కనే కాజీపేట జంక్షన్ ఉండటంతో సికింద్రాబాద్‌కు రైళ్లకు కొదవ లేదు. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు అనుకునేవాళ్లకు ఇది కలిసొస్తుంది. కరీంనగర్ కూడా మరీ దూరమేం కాదు కానీ, హైదరాబాద్‌కు ప్రధానంగా రోడ్డే దిక్కు. విజయవాడ పెద్ద రైల్వే జంక్షన్, మంగళగిరి ఎయిమ్స్ కూడా దగ్గర్లోనే ఉంది. అయితే అమరావతి ప్రభావం భూముల ధరల మీద ఉంటుంది కాబట్టి అక్కడ తొందరపడి కొనకూడదు. రాజమండ్రికి రైలు, విమానం రెండూ ఉన్నాయి. కానీ ఐటీ ఉద్యోగులైతే వర్క్ ఫ్రమ్ హోమ్ గ్యారంటీగా ఉంటుందో లేదో చూసుకునే వెళ్లాలి.

వానాకాలంలో ఒకసారి చూడండి

ఎండాకాలంలో చూసిన కాలనీ వేరు, వానాకాలంలో అదే కాలనీ వేరు. 2023 జూలైలో వరంగల్, హనుమకొండల్లో చాలా కాలనీలు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు వరద ఇళ్లలోకి వచ్చింది. అలాగని ఆ ఊళ్లు మంచివి కావని కాదు. ఒకే ఊళ్లో ఒక వీధి మునిగితే, పక్క వీధికి చుక్క నీరు కూడా రాకపోవచ్చు.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు పక్కింటి గోడల మీద నీటి మరకలు ఉన్నాయేమో గమనించండి. కిరాణా కొట్టు ఆయన్ని, పాలు పోసే వాళ్లని "వరదప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయండీ?" అని అడగండి. బ్రోకర్ చెప్పని విషయం వాళ్లు చెప్తారు. చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ పరిధిలో ఉన్న స్థలమైతే ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

భద్రత అంటే కేసుల లెక్క కాదు

కేసులు తక్కువ నమోదైన ఊరు సేఫ్ అని, ఎక్కువైతే డేంజర్ అని అనుకోవడం పొరపాటు. ఫిర్యాదు ఇవ్వగానే కేసు కట్టే చోట లెక్క పెరుగుతుంది కూడా. కాబట్టి మీరే వెళ్లి చూసుకోండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత బస్టాండు నుంచి ఇంటి వరకు ఇద్దరూ కలిసి నడవండి. వీధి దీపాలు వెలుగుతున్నాయా? ఆ టైంలో ఆటో దొరుకుతుందా? భార్య ఒక్కతే వచ్చే రోజులూ ఉంటాయి కదా. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే డాక్టర్ ఉండే ఆస్పత్రి ఎంత దూరమో కూడా ముందే తెలుసుకోండి.

కులాంతర, మతాంతర వివాహం చేసుకున్న జంటలకు ఇంకో చిక్కు ఉంది. చిన్న ఊళ్లలో ఇల్లు అద్దెకిచ్చే ముందు కులం అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లోవాళ్ల నుంచి బెదిరింపులు ఉంటే, తెలిసినవాళ్లు ఎక్కువగా ఉన్న ఊరి కంటే పెద్ద ఊరే నయం. ఇలాంటి జంటల రక్షణ కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ ఉండాలని 2018లో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. భయం ఉంటే ఎస్పీ ఆఫీసులో గానీ, కమిషనరేట్‌లో గానీ ముందే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడం మంచిది.

ఈఎంఐ అసలు లెక్క ఇదీ

ఉదాహరణకు ఫ్లాట్ ధర 40 లక్షలు అనుకుందాం. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం 30 లక్షలు దాటిన లోన్‌కు బ్యాంకు గరిష్ఠంగా ఇంటి విలువలో 80 శాతమే ఇవ్వాలి. అంటే 32 లక్షలు. మిగతా 8 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సుమారు 7.5 శాతం చొప్పున ఇంకో 3 లక్షలు మీరే పెట్టుకోవాలి. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకైతే ఈఎంఐ దాదాపు 27,800 రూపాయలు. చివరికి కట్టేది 66 లక్షల పైమాటే!

ఈ ఈఎంఐ ఒక్కరి జీతంతో కట్టగలిగేలా ఉంటేనే ముందుకెళ్లండి. పిల్లలు పుట్టాక కొన్నాళ్లు ఒక్క జీతమే రావచ్చు. ఉన్నదంతా డౌన్ పేమెంట్‌లో పోసేయకుండా ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి.

కొనే ముందు ఈ కాగితాలు తప్పనిసరి

* ఈసీ తీసుకుని స్థలం చేతులు మారిన వివరాలు, తనఖాలు చూడాలి.
* సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చెక్ చేసుకోవాలి.
* స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరును రెరా సైట్‌లో మీరే సరిచూసుకోండి.
* అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు జోలికి వెళ్లొద్దు. ఇల్లు కట్టుకునేటప్పుడు పర్మిషన్, లోన్ రెండూ ఇబ్బందే.
* ఒరిజినల్స్ లాయర్‌కు చూపించాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

ముందు అద్దె, తర్వాతే సొంతిల్లు

అన్నిటికంటే సులువైన పద్ధతి ఒకటుంది. నచ్చిన ఊళ్లో ముందు ఏడాది పాటు అద్దెకు ఉండండి. ఒక ఎండాకాలం గడిస్తే నీళ్ల ట్యాంకర్ సంగతి, ఒక వానాకాలం గడిస్తే డ్రైనేజీ సంగతి తెలిసిపోతాయి. ఏడాది అద్దె దండగ కదా అనిపించొచ్చు. కానీ 20 ఏళ్ల ఈఎంఐ తప్పు చోట ఇరుక్కోవడం కంటే అది చాలా చిన్న ఖర్చు. ఏ ఊరికి మారినా అత్యవసరానికి 112, అంబులెన్స్‌కు 108, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్లు ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేసి పెట్టుకోండి.